ఆటోసిస్‌లో జాబ్ ఫెయిలైనా ఎస్ఎన్ఎంపీ ట్రాప్ రావట్లేదు, సెట్టింగ్స్ చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి

గచ్చిబౌలి గుడ్లగూబ:

అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి బ్యాచ్ సపోర్ట్‌లో ఉన్నా, నైట్ షిఫ్ట్. క్లయింట్ అమెరికా వాళ్లు, వాళ్ల సాయంత్రం 6కి ఎండ్ ఆఫ్ డే బ్యాచ్ మొదలవుతుంది, అంటే మనకి తెల్లవారుజామున మూడున్నర. ఆటోసిస్ (జాబ్‌లని టైముకి నడిపే షెడ్యూలర్) లైనక్స్ మీద నడుస్తోంది, రాత్రికి ఓ 1400 జాబ్‌లు తిరుగుతాయి.

మామూలుగా ఏ జాబ్ ఫెయిలైనా ఆటోసిస్ నుంచి మానిటరింగ్ టూల్‌కి ఎస్ఎన్ఎంపీ ట్రాప్ (నెట్‌వర్క్ మీద పంపే చిన్న హెచ్చరిక సందేశం) వెళ్తుంది, అక్కడ టికెట్ లేస్తుంది, ఆ టికెట్ మా ఫోన్లు మోగిస్తుంది. మొన్న రాత్రి 4:10కి ఒక ఫైల్ ట్రాన్స్‌ఫర్ జాబ్ ఫెయిలైంది. ట్రాప్ లేదు, టికెట్ లేదు, ఫోన్ లేదు. 6:40కి క్లయింట్ మేనేజరే ఫోన్ చేసి మీ టీమ్‌లో మెలకువగా ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను మెలకువగానే ఉన్నా, మానిటరింగ్ స్క్రీన్ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా, స్క్రీనంతా పచ్చగా ఉంది. ఈ మాట ఆయనతో చెప్తే ఇంకా తిడతాడని చెప్పలేదు.

ఇప్పటిదాకా నేను చూసినవి. షెడ్యూలర్ సర్వర్‌లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచా. ఎస్ఎన్ఎంపీ మేనేజర్ హోస్ట్స్ దగ్గర రెండు మానిటరింగ్ సర్వర్ల పేర్లు కామాతో ఉన్నాయి. ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ (ట్రాప్‌తో పాటు వెళ్లే పాస్‌వర్డ్ లాంటి పదం) దగ్గర మానిటరింగ్ టీమ్ ఇచ్చిన పదమే ఉంది, అక్షరం అక్షరం పోల్చి చూశా. పర్మిషన్ తీసుకుని సర్వీస్ రీస్టార్ట్ కూడా చేశా. ఆ రెండు సర్వర్లకీ పింగ్ వెళ్తోంది కానీ ట్రాప్‌లు అందుకునే 162 పోర్ట్‌కి టెల్నెట్ చేస్తే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటోంది. అంటే ఫైర్‌వాలేనా? నెట్‌వర్క్ టీమ్‌ని అడిగితే రూల్ ఉంది అంటున్నారు, మానిటరింగ్ టీమ్‌ని అడిగితే మా వైపు అంతా బాగుంది అంటున్నారు. ఇదివరకు ట్రాప్‌లు చక్కగా వచ్చాయి, పాత టికెట్లు ఉన్నాయి. ఈ మధ్య జరిగిందల్లా పోయిన శనివారం ఓఎస్ ప్యాచింగ్, రీబూట్, అంతే. కాన్ఫిగ్ ఎవరూ ముట్టుకోలేదు, ఫైల్ తేదీ కూడా పాతదే.

ఈ రాత్రి మళ్లీ ఇలా జరిగితే నా పని అయిపోయినట్టే. ఎవరికైనా ఇలా అయ్యిందా?


పోర్ట్ నూట అరవై రెండు:

ముందు ఆ టెల్నెట్ సంగతి మర్చిపో బ్రదర్. టెల్నెట్ వెళ్లేది టీసీపీ అనే దారిలో, ట్రాప్ వెళ్లేది యూడీపీ అనే వేరే దారిలో. 162లో యూడీపీ మీద వినే ప్రోగ్రాం భేషుగ్గా నడుస్తున్నా నీ టెల్నెట్‌కి రిఫ్యూజ్డ్ అనే వస్తుంది, ఎందుకంటే అదే నంబర్ మీద టీసీపీలో ఎవరూ లేరు. పింగ్‌ది ఐసీఎంపీ అనే ఇంకో దారి, దానితో ఆ మెషీన్ బతికి ఉందని తప్ప ఇంకేమీ తెలియదు. నువ్వు చేసిన రెండు టెస్టుల్లో ఒక్కటి కూడా ట్రాప్ దారిని ముట్టుకోలేదు.

ట్రాప్ అంటే స్టాంపు అంటించి డబ్బాలో వేసిన కార్డు ముక్క. చేరిందా లేదా అని పంపినవాడికి తిరిగి ఏదీ రాదు, మళ్లీ పంపడాలూ ఉండవు. అందుకే దారి పొడుగునా ఎక్కడ పోయిందో నువ్వే నిలబడి చూడాలి. షెడ్యూలర్ మెషీన్‌లో రూట్‌తో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టూల్) పెట్టు, ఇంటర్‌ఫేస్ దగ్గర ఎనీ, ఫిల్టర్ దగ్గర యూడీపీ పోర్ట్ 162. (కమాండ్లు తెలుగులో రాస్తున్నా, నువ్వు ఇంగ్లిష్‌లో కొట్టుకో.) అది నడుస్తుండగా ఒక టెస్ట్ జాబ్ వెయ్యి, కమాండ్‌గా బిన్ ఫాల్స్ పెట్టు, అది ఎప్పుడు నడిపినా ఫెయిలే. జాబ్ డెఫినిషన్‌లో అలారం ఇఫ్ ఫెయిల్ 1 అని ఉండేలా చూసుకో. ఆ మాటకొస్తే మొన్న ఫెయిలైన జాబ్‌ని కూడా ఆటోరెప్‌లో క్యూ పెట్టి చూడు, ఎవరో పుణ్యాత్ములు దాన్ని 0 చేసి ఉంటే కథ అక్కడితో కంచికి, ఆటోసిస్ అలారమే లేపదు.

టెస్ట్ జాబ్ ఫెయిలయ్యాక డంప్‌లో ప్యాకెట్ కనబడితే షెడ్యూలర్ తన పని తాను చేసింది, ఇక నెట్‌వర్కో అవతలి వైపో చూసుకోవాలి. కనబడకపోతే తప్పు నీ మెషీన్‌లోనే, నెట్‌వర్క్ వాళ్లని విసిగించకు. కనబడితే ఆ లైన్‌లోనే కమ్యూనిటీ పదం కూడా విడిగా అందరికీ చదవడానికి వీలుగా ఉంటుంది, దాన్ని చూసి భయపడకు, వెర్షన్ 1, 2సి రెండింటిలో అది అలాగే పోతుంది.

ఇంకొకటి, అదే మెషీన్ నుంచి చేత్తో ఒక ట్రాప్ పంపి చూడు. నెట్ ఎస్ఎన్ఎంపీ యుటిలిటీస్ ఉంటే ఎస్ఎన్ఎంపీ ట్రాప్ అనే కమాండ్ ఉంటుంది. వెర్షన్ 2సి, కమ్యూనిటీ, హోస్ట్ పేరు, తర్వాత అప్‌టైమ్ చోట ఖాళీ కోట్స్, తర్వాత 1.3.6.1.6.3.1.1.5.1 ఇవ్వు. అది కోల్డ్ స్టార్ట్ ట్రాప్, ఏ మానిటరింగ్ టూల్‌కైనా తెలిసిన ఓఐడీ (ట్రాప్ రకం చెప్పే నంబర్). ఇది చేరి ఆటోసిస్‌ది చేరకపోతే దారి బాగుంది, ఆటోసిస్ దగ్గర తేడా ఉందన్నమాట.


పాత బ్యాచ్ మనిషి:

పైన చెప్పినవన్నీ చెయ్యి, తప్పులేదు. కానీ నువ్వు రాసిందాంట్లోనే రెండు మాటలు నాకు పంటి కింద రాయిలా తగిలాయి తమ్ముడూ.

"సర్వీస్ రీస్టార్ట్ చేశా" అన్నావు. ఏ సర్వీస్? ఆటోసిస్‌లో షెడ్యూలర్ వేరు, అప్లికేషన్ సర్వర్ వేరు, ఏజెంట్ వేరు. ట్రాప్ పంపేది షెడ్యూలర్, మా కాలంలో ఈవెంట్ ప్రాసెసర్ అనేవాళ్లం, లాగ్ పేరు ఇప్పటికీ ఈవెంట్ డెమన్ అనే ఉంటుంది. నీలాంటి కుర్రాళ్లు పదిమందిలో ఏడుగురు అప్లికేషన్ సర్వర్‌ని రీస్టార్ట్ చేసి షెడ్యూలర్‌ని చేశామనుకుంటారు, ఎందుకంటే షెడ్యూలర్‌ని ఆపడానికి భయం, అప్లికేషన్ సర్వర్ అయితే ఎవరూ అరవరు.

రెండోది "కాన్ఫిగ్ ఎవరూ ముట్టుకోలేదు, శనివారం ప్యాచింగ్ జరిగింది". మీది హై అవైలబిలిటీ సెటప్పా (ఒక షెడ్యూలర్ పడితే ఇంకోటి అందుకునేది)? 1400 జాబ్‌ల బ్యాచ్ అంటే ప్రైమరీ ఒకటి, షాడో ఒకటి, మధ్యలో ఎవరు నడవాలో తేల్చే టై బ్రేకర్ ఉండే ఉంటాయి. ప్యాచింగ్ కోసం ప్రైమరీ మెషీన్‌ని రీబూట్ చేస్తే షాడో లేచి పని అందుకుంటుంది, అందుకోవడమే దాని ఉద్యోగం. ఆ తర్వాత ప్రైమరీ మెషీన్ లేచినా, ఫెయిల్‌బ్యాక్ మోడ్ (పనిని తిరిగి ప్రైమరీకి ఇచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే బండి షాడో చేతిలోనే ఉండిపోతుంది. జాబ్‌లన్నీ టైముకి నడుస్తాయి, కన్సోల్‌లో అలారాలు కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. ఎస్ఎన్ఎంపీ సెట్టింగ్ మాత్రం డేటాబేస్‌లో ఉండదు, ఏ మెషీన్ కాన్ఫిగ్ ఫైల్ ఆ మెషీన్‌దే. ప్రైమరీలో హోస్ట్‌ల పేర్లు రాసినవాడు షాడోలో కూడా రాశాడా?

చెక్ ఆటో అప్ అని కమాండ్ కొట్టు. ఏ షెడ్యూలర్ ఏ మెషీన్ మీద నడుస్తోందో చెప్తుంది. నువ్వు కాన్ఫిగ్ చూసింది, రీస్టార్ట్ చేసింది పని చేయకుండా కూర్చున్న మెషీన్‌లో అయ్యుంటుందని నా పందెం. అలారం లిస్ట్‌లో శనివారం రాత్రి ఈపీ రోలోవర్ (పని షాడోకి మారిందని చెప్పే అలారం) అని ఒకటి కనబడాలి. అదీ ట్రాప్‌గా వెళ్లి ఉండేదే, షాడోలో సెట్టింగ్ ఉండి ఉంటే.

ఇది నాకెలా తట్టిందంటే, ఒకప్పుడు నేను పనిచేసిన చోట అచ్చంగా ఇదే జరిగింది, కాకపోతే మేం కనిపెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మానిటరింగ్ నెలవారీ రిపోర్ట్‌లో "ఫెయిల్యూర్లు సున్నా" అని వచ్చింది, దాన్ని చూసి మాకు మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చింది. ఆ మెయిల్ ఇప్పటికీ దాచుకున్నా.


గచ్చిబౌలి గుడ్లగూబ:

అన్నా, పందెం గెలిచావు. చెక్ ఆటో అప్ కొట్టాను, షాడో మెషీన్ మీద నడుస్తోంది, శనివారం రాత్రి 11:52 నుంచి. నేను రీస్టార్ట్ చేసింది ప్రైమరీ మెషీన్‌లో అప్లికేషన్ సర్వర్‌ని. రెండూ కరెక్టుగా చెప్పావు, సిగ్గుగా ఉంది.

షాడో మెషీన్‌లో కాన్ఫిగ్ తెరిస్తే ఎస్ఎన్ఎంపీ మేనేజర్ హోస్ట్స్ లైన్ ముందు హాష్ పెట్టి కామెంట్ చేసి ఉంది. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దేవుడికే తెలియాలి. ప్రైమరీ ఫైల్ నుంచి ఆ రెండు లైన్లూ నా ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లోకి తీసుకుని, అక్కడి నుంచి షాడోలోకి పెట్టి, మధ్యాహ్నం జాబ్‌లు లేని టైమ్ చూసి షెడ్యూలర్‌ని (ఈసారి నిజంగా షెడ్యూలర్‌నే) ఆపి మళ్లీ లేపా. టీసీపీడంప్‌లో ప్యాకెట్ బయటికి వెళ్తోంది, రెండు హోస్ట్‌లకీ! చేత్తో పంపిన కోల్డ్ స్టార్ట్ కూడా వెళ్తోంది. కానీ మానిటరింగ్‌లో టికెట్ ఇంకా లేవట్లేదు. మానిటరింగ్ వాళ్లు మళ్లీ అదే పాట, మా వైపు అంతా బాగుంది అని.

మూడున్నరకి బ్యాచ్ మొదలు. ఇప్పుడు రాత్రి 9:20.


అవతలి వైపు మనిషి:

నేను మానిటరింగ్ టీమ్‌లో పనిచేస్తాను (మీ కంపెనీలో కాదులెండి), అందుకని మా తరఫున ఒక్కమాట: మా వాళ్లు అబద్ధం చెప్పట్లేదండీ, వాళ్ల స్క్రీన్ మీద నిజంగానే అంతా బాగుంది. రాని ట్రాప్‌కీ, వచ్చి పారేసిన ట్రాప్‌కీ మా స్క్రీన్ మీద తేడా ఉండదు.

వాళ్లని టీసీపీడంప్ పెట్టమనండి, ట్రాప్ రిసీవర్ మెషీన్‌లో. "టూల్‌లో చూశాం" అంటే ఒప్పుకోకండి. ప్యాకెట్ ఆ మెషీన్ దాకా రాకపోతే ఫైర్‌వాల్, ఎందుకంటే రూల్ ప్రైమరీ ఐపీకి రాసి ఉంటారు, షాడో ఐపీకి రాసి ఉండరు. నెట్‌వర్క్ టీమ్ "రూల్ ఉంది" అన్నప్పుడు ఏ సోర్స్ నుంచి అని మీరు అడిగారా? ప్యాకెట్ వచ్చింది కానీ టికెట్ లేవలేదంటే అప్పుడు మా ఇంట్లోనే దొంగలు.

ఇక్కడ ముగ్గురు దొంగలున్నారు. చాలా టూల్స్‌లో ట్రాప్ ఏ ఐపీ నుంచి వచ్చిందో ఆ ఐపీ పేరున డివైస్ ముందే నమోదై ఉండాలి, లేకపోతే దాన్ని తెలియని సోర్స్ అని పక్కన పడేస్తారు. షాడో మెషీన్‌ని ఎవరైనా మానిటరింగ్‌లో చేర్చారా? చేర్చినా ఏ ఐపీతో? మెషీన్‌కి రెండు మూడు నెట్‌వర్క్ కార్డులుంటే, బ్యాకప్ నెట్‌వర్క్ ఒకటి, మామూలుది ఒకటి, ట్రాప్ ఏ కార్డు మీదుగా బయటికొస్తుందో అది రూటింగ్ టేబుల్ ఇష్టం, మీరు నమోదు చేసిన ఐపీ ఇష్టం కాదు. ఇంకో మెలిక, వెర్షన్ 1 ట్రాప్‌లో ఏజెంట్ అడ్రస్ అని లోపల విడిగా ఒక ఫీల్డ్ ఉంటుంది. కొన్ని టూల్స్ దాన్ని నమ్ముతాయి, కొన్ని ప్యాకెట్ సోర్స్ ఐపీని నమ్ముతాయి, మధ్యలో నాట్ (దారిలో ఐపీని మార్చే ఏర్పాటు) ఉంటే ఈ రెండూ వేర్వేరు. నేను ఒకసారి లోపల 127.0.0.1 అని రాసి ఉన్న ట్రాప్ కూడా చూశాను. మా టూల్ దాన్ని బుద్ధిగా తన సొంత సర్వర్ మీద అలారంగా వేసుకుంది.

రెండోవాడు కమ్యూనిటీ. తప్పు కమ్యూనిటీతో వస్తే రిసీవర్ మీకు తిరిగి ఏదీ చెప్పదు, చాలాసార్లు లాగ్‌లో కూడా రాయదు. లైనక్స్‌లో ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌డీ (ట్రాప్‌లు అందుకునే ప్రోగ్రాం) వాడుతుంటే 5.3 వెర్షన్ నుంచి ఆథ్ కమ్యూనిటీ లైన్ రాయకపోతే అది ఏ ట్రాప్‌నీ తీసుకోదు, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్క వార్నింగ్ రాసి ఊరుకుంటుంది. మీరు నోట్‌ప్యాడ్ అన్నారు చూడండి, అక్కడ నాకు గుండె గుభేలుమంది. విండోస్‌లో లైన్ చివర ఇంకో కనబడని అక్షరం చేరుతుంది, క్యారేజ్ రిటర్న్. దాన్ని అలాగే లైనక్స్‌లో పెడితే కమ్యూనిటీ పదం తోకతో సహా పోతుంది, కంటికి మాత్రం అచ్చం సరైనదే. షాడోలో ఆ ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో పెద్ద ఏ ఆప్షన్ ఇచ్చి చూడండి. లైన్ చివర డాలర్ గుర్తు ఒక్కటే ఉండాలి. డాలర్‌కి ముందు టోపీ గుర్తు, దాని పక్కన ఎం కనబడితే అదే తోక.

మూడోవాడు మిబ్, అంటే ఏ ఓఐడీకి ఏం అర్థమో చెప్పే పట్టిక. ట్రాప్ వచ్చింది, ఐపీ తెలుసు, కమ్యూనిటీ కలిసింది, కానీ ఆ ఓఐడీకి టూల్‌లో రూల్ లేదు, అప్పుడది "అన్‌నోన్ ట్రాప్" అనే చెత్తబుట్టలో పడుతుంది. మీకు ప్రైమరీ నుంచి ముందు పనిచేసింది కాబట్టి మిబ్ ఉండే ఉంటుంది, వీడి మీద నాకు అనుమానం తక్కువ. కానీ మీరు చేత్తో పంపిన కోల్డ్ స్టార్ట్‌కి టికెట్ రాకపోతే కంగారు పడకండి, కోల్డ్ స్టార్ట్‌కి టికెట్ లేపే రూల్ ఎవరూ పెట్టరు, రీబూట్ అయిన ప్రతి స్విచ్చూ అదే పంపుతుంది.


గచ్చిబౌలి గుడ్లగూబ:

మేడమ్ (మేడమేనా? సారీ, తెలియక), తోక దొరికింది. టోపీ, ఎం, డాలర్. రెండు లైన్లకీ ఉంది. విఐ ఎడిటర్‌లో తీసేసి మళ్లీ చేత్తో టైప్ చేశా. షెడ్యూలర్ రీస్టార్ట్‌కి మళ్లీ పర్మిషన్ కావాలి, అడిగా, క్లయింట్ వైపు మనిషి లంచ్‌లో ఉన్నాడట, వెయిటింగ్.

మానిటరింగ్ వాళ్ల చేత రిసీవర్‌లో డంప్ పెట్టించా, బతిమాలితే పెట్టారు. ఒక హోస్ట్‌కి ప్యాకెట్ వస్తోంది, రెండోదానికి రావట్లేదు. అంటే రెండోదానికి ఫైర్‌వాల్, మీరన్నట్టే రూల్‌లో షాడో ఐపీ లేదు, నెట్‌వర్క్ వాళ్లు ఒప్పుకున్నారు, ఛేంజ్ టికెట్ వేయమన్నారు, అది రేపటికి. ఈ రాత్రికి ఒక హోస్ట్ చాలు నాకు.


మెయిలే మేలు:

అసలు 2020లు దాటాక కూడా ఈ ట్రాప్‌ల గోలేంటి బాబూ. జాబ్ ఫెయిలైతే ఒక స్క్రిప్ట్‌తో మెయిల్ కొట్టొచ్చు, లేకపోతే టికెటింగ్ టూల్‌కి నేరుగా ఏపీఐ కాల్. హెచ్‌టీటీపీ అయితే కనీసం 200 అని జవాబొస్తుంది. ఎస్ఎన్ఎంపీ 1988 నాటిది, మా అన్నయ్య కంటే పెద్దది.


పాత బ్యాచ్ మనిషి:

మీ అన్నయ్యకి నా నమస్కారాలు. ఏపీఐ మంచిదే, ఎవరు కాదన్నారు. కానీ పెద్ద కంపెనీల్లో మానిటరింగ్ టూల్ ఒక్కటే అయ్యుండి, స్విచ్చులు, యూపీఎస్‌లు, స్టోరేజీలు, షెడ్యూలర్ అన్నీ దానికే చెప్పుకోవాలి, వాటన్నిటికీ ఉమ్మడిగా వచ్చిన భాష ఇదే. ఇక మెయిల్ మాట ఎత్తకు. రాత్రి నాలుగింటికి మెయిల్ చూసి లేచినవాణ్ని నా సర్వీసులో ఒక్కణ్ని చూడలేదు.


పోర్ట్ నూట అరవై రెండు:

మెయిలే మేలు గారి మాటలో సగం నిజం ఉంది కానీ. జవాబు లేకపోవడమే ట్రాప్‌తో అసలు బాధ. వెర్షన్ 2లో ఇన్‌ఫార్మ్ అని తెచ్చారు, దానికి అవతలివాడు ముట్టినట్టు చెప్పాలి, చెప్పకపోతే మళ్లీ పంపుతుంది. ఆటోసిస్ కాన్ఫిగ్‌లో మనకి ఇచ్చింది మాత్రం హోస్ట్, కమ్యూనిటీ, అంతే. ఇన్‌ఫార్మ్ కావాలంటే మధ్యలో ఒకణ్ని కూర్చోబెట్టాలి.


ఆడిట్ బాధితుడు:

ఇదే థ్రెడ్‌లో అడగొచ్చో లేదో, కానీ మీ కాన్ఫిగ్‌లో హోస్ట్, కమ్యూనిటీ తప్ప వెర్షన్ 3 (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో భద్రంగా పంపేది) లేదంటున్నారు కాబట్టి అడుగుతున్నా. మా సెక్యూరిటీ ఆడిట్‌లో కమ్యూనిటీ పదం నెట్‌వర్క్ మీద బాహాటంగా పోతోందని రాశారు, మూడు నెలల్లో వి3కి మారాలట. మాదీ ఆటోసిసే. ఎలా చేశారు ఎవరైనా? నేను చేత్తో వి3 ట్రాప్ పంపి చూశా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండు వైపులా ఒకటే, అయినా రిసీవర్ మాట్లాడట్లేదు. రెండు రోజులు పోయాయి.


పోర్ట్ నూట అరవై రెండు:

ఆ రెండు రోజులు అందరివీ పోతాయి, నీవొక్కడివే కాదు. కారణం ఇంజిన్ ఐడీ, ఎస్ఎన్ఎంపీ మాట్లాడే ఒక్కో ప్రోగ్రాంకి ఉండే గుర్తింపు నంబర్.

వి3లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వాడరు, దాన్ని ఒక ఇంజిన్ ఐడీతో కలిపి కీ తయారుచేస్తారు. ఎవరి ఇంజిన్ ఐడీ అన్నదే ఇరుకు. మామూలుగా వివరాలు అడిగేటప్పుడు (161 పోర్ట్ సంగతి) అవతలి ఏజెంట్‌ది, అది అడిగితే చెప్తుంది, కాబట్టి మనకి తెలియకుండానే పని జరిగిపోతుంది. ట్రాప్‌లో మాత్రం పంపినవాడి ఇంజిన్ ఐడీనే ప్రమాణం, రిసీవర్ తిరిగి అడగదు. అంటే పంపేవాడి ఐడీ రిసీవర్‌లో ముందే రాసిపెట్టాలి. ట్రాప్‌డీ కాన్ఫిగ్‌లో క్రియేట్ యూజర్ లైన్ దగ్గర చిన్న ఈ ఆప్షన్ పెట్టి సున్నా ఎక్స్‌తో మొదలయ్యే ఆ ఐడీ ఇవ్వాలి, కింద ఆథ్ యూజర్ లైన్ విడిగా రాయాలి. పంపే కమాండ్‌లో కూడా అదే ఐడీని చిన్న ఈ ఆప్షన్‌తో బిగించు, లేకపోతే అది తన ఇష్టమొచ్చినది వాడుకుంటుంది. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు. అదే ఇన్‌ఫార్మ్ అయితే ప్రమాణం రిసీవర్‌ది, ఐడీ దానంతట అదే కనుక్కుంటుంది, ఈ తలనొప్పి లేదు. అందుకే నేను వి3 అంటే ఇన్‌ఫార్మ్ వైపే మొగ్గుతా.

వర్చువల్ మెషీన్‌ని క్లోన్ చేసి షాడో తయారుచేసి ఉంటే ఇంకో గొయ్యి ఉంది. నెట్ ఎస్ఎన్ఎంపీ ఇంజిన్ ఐడీని ఒకసారి తయారుచేసుకుని డిస్క్ మీద దాచుకుంటుంది, క్లోన్‌లో అదీ కాపీ అవుతుంది, రెండు మెషీన్లూ ఒకే పేరుతో మాట్లాడతాయి. ఇక రిసీవర్‌కి మతిపోతుంది.

షెడ్యూలర్ వి3 మాట్లాడకపోతే నేను చేసింది చెప్తా. షెడ్యూలర్ ఉన్న మెషీన్‌లోనే ఒక చిన్న ట్రాప్‌డీని 127.0.0.1 మీద కూర్చోబెట్టా. షెడ్యూలర్ తన పాత ట్రాప్‌ని దానికే ఇస్తుంది, గడప దాటదు. ట్రాప్ హ్యాండిల్ డిఫాల్ట్ అని ఒక స్క్రిప్ట్ కట్టా, ట్రాప్‌లో ఉన్నవి లైన్లుగా స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి వస్తాయి. స్క్రిప్ట్ వాటిని చదివి వి3 ఇన్‌ఫార్మ్‌గా బయటికి పంపుతుంది, జవాబు రాకపోతే లోకల్ ఫైల్‌లో రాసుకుంటుంది. షాడోలో కూడా ఇదంతా పెట్టాలని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా ఈ థ్రెడ్ చదివినవాళ్లకి.


అవతలి వైపు మనిషి:

(మేడమే.) ఆ లోకల్ రిలే పెట్టేవాళ్లకి ఒక మనవి. ముందే మా వాళ్లకి చెప్పండి, ట్రాప్ రూపం మారితే మా రూల్స్ పట్టుకోవు. బాక్స్ జాబ్ (లోపల వేరే జాబ్‌లుండే జాబ్) ఒకటి పడి లోపల 200 జాబ్‌లు ఒకేసారి అలారం కొట్టినప్పుడు ఏం చేయాలో కూడా మాట్లాడుకోండి. జాబ్ పేరు, అలారం రకం కలిపి ఒక కీగా పెట్టి, అదే మళ్లీ వస్తే టికెట్ కొత్తది లేపకుండా లెక్క పెంచుకోమని చెప్తే అందరికీ నిద్ర ఉంటుంది.

గుడ్లగూబ గారికి: ఈ రాత్రి గట్టెక్కాక హార్ట్‌బీట్ జాబ్ ఒకటి పెట్టుకోండి. అరగంటకోసారి కావాలని ఒక అలారం లేపే జాబ్. మా టూల్‌లో రూల్ తలకిందులుగా ఉంటుంది, అది వస్తే ఏమీ చేయకు, 40 నిమిషాలు రాకపోతే టికెట్ లేపు అని. షెడ్యూలర్ షాడోకి మారినా, ఫైర్‌వాల్ మూసినా, కమ్యూనిటీకి తోక మొలిచినా, జాబ్ ఫెయిలయ్యే దాకా ఆగకుండా ముందే తెలుస్తుంది.


గచ్చిబౌలి గుడ్లగూబ:

అప్‌డేట్. 1:15కి పర్మిషన్ వచ్చింది, షెడ్యూలర్ రీస్టార్ట్ చేశా, టెస్ట్ జాబ్ ఫెయిల్ చేశా. మానిటరింగ్‌లో మొదట ఏమీ రాలేదు, మళ్లీ టెన్షన్. వాళ్లని అన్‌నోన్ సోర్స్ లిస్ట్ తెరవమంటే అందులో మా షాడో ఐపీ నుంచి వరుసగా పడి ఉన్నాయి. డివైస్‌ని చేర్చారు, మళ్లీ ఫెయిల్ చేశా, 1:48కి టికెట్ లేచింది, 1:49కి నా ఫోన్ మోగింది. నా ఫోన్ మోగినందుకు ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి.

బ్యాచ్ సజావుగా పోయింది, ఒక జాబ్ 4:30కి ఫెయిలైతే ట్రాప్ వచ్చింది, నిమిషంలో చూసుకున్నాం. రెండో హోస్ట్‌కి ఫైర్‌వాల్ రూల్ ఈరోజు మధ్యాహ్నం పడింది. ప్రైమరీకి వెనక్కి తేవడం వచ్చే శనివారం. రెండు మెషీన్ల కాన్ఫిగ్‌లకీ రోజూ డిఫ్ కొట్టి తేడా ఉంటే చెప్పే జాబ్ ఒకటి రాశా, హార్ట్‌బీట్ కూడా పెడుతున్నా.

ఒక్క పొరపాటు జరిగింది. టెస్ట్ జాబ్‌ని పదే పదే చేత్తో నడపలేక పది నిమిషాలకోసారి నడిచేలా షెడ్యూల్ పెట్టా, పని అయ్యాక ఐస్ మీద పెట్టడం (అంటే ఇక నడవకుండా ఆపడం) మర్చిపోయి ఉదయం ఇంటికెళ్లి పడుకున్నా. నేను ఫోన్ ఎత్తకపోతే ఆ కాల్ మా మేనేజర్‌కి వెళ్లేలా ఎస్కలేషన్ ఉంది. లేచి చూసేసరికి ఆయన దగ్గర్నుంచి 14 మిస్డ్ కాల్స్.


పాత బ్యాచ్ మనిషి:

సెండ్ఈవెంట్, జాబ్ ఆన్ ఐస్, ఇప్పుడే కొట్టు. తర్వాత ఆయనకి ఫోన్ చెయ్యి.